చీర ఒకచోట, జాకెట్టు ఒకచోట

ఈ రోజు అంబత్తూరులో మా ఇంట్లోనే నెట్‌వర్క్ కేబుల్ తయారుచేశాం. మేడ మీద ఒక కంప్యూటరు, కింద ప్రింటరున్న ఇంకొకటి. ఫ్లాపీ పట్టుకుని మెట్లెక్కి దిగలేక మా ఆయన అక్కగారి మోకాళ్ళు మొరాయించాయి.

ఎనిమిది తీగలను వరసగా ప్లగ్గులో పెట్టి నొక్కాలి. ఒక కొన నాది, ఇంకో కొన వదినది. ఆవిడకు తెలిసేలా రంగుల్ని కనకాంబరం, చిలకపచ్చ, నీలం, కాఫీపొడి అని, ప్రతి రంగుకూ తెల్ల చారల తీగ ఒకటి జత అని చెప్పాను. రెండు కొనలూ టెస్టరులో పెడితే దాని దీపాలు వరస తప్పి వెలిగాయి. అలవాటుగా ముందు నా కొననే అనుమానించాను, అది సరిగ్గానే ఉంది.

"పచ్చ తీగను దాని చారల తీగ పక్కనే పెట్టినారే వదినా. రెంటికీ మధ్యలో నీలం జత రావాల గదా."

"చీర ఒకచోట, జాకెట్టు ఒకచోట పెడతారా మే? నేనే సరిచేసినా."

ఒకసారి నొక్కిన ప్లగ్గు మళ్ళీ పనికిరాదు, కోసేశాను. ఆదివారం, అంగళ్ళన్నీ మూత. మిగిలిన ఒకే ఒక్క ప్లగ్గును వరస రెండుసార్లు చూసుకుని నొక్కాను. ఈసారి దీపాలు వరసగా వెలిగాయి, కింద కాగితం వచ్చింది.

సాయంత్రం పచ్చ చీర మీదికి నీలం జాకెట్టు వేసుకుని బయల్దేరాను. వదిన ఎగాదిగా చూసి, "సరి, కేబుల్ మాదిరే ఉండావు" అన్నారు.

జాకెట్టు మార్చుకునే వెళ్ళాను. మీరైతే?