ఈ పూట ఏటి కూర?

ఈ రోజు పొద్దున్న మున్సిపాలిటీ వాళ్ళు మా వీధి కాలువ పొడవునా బ్లీచింగ్ పొడి చల్లి వెళ్ళారు. కిటికీ మూసేలోపే ఆ ఘాటు గదిలోకి వచ్చేసింది. కళ్ళు మండాయి. ఆ వాసనకి ఎవరికైనా ఆసుపత్రి గుర్తొస్తుందేమో గాని, నాకు ఒక గొంతు గుర్తొస్తుంది. పాత లంగా గుడ్డతో కుట్టిన మాస్కు మూతికి కట్టుకుని, ఒక్కో గేటు ముందు ఆగి, "ఏటమ్మా, ఈ పూట ఏటి కూర?" అని కేకేసే గొంతు. అది మా వీధి ఆశా వర్కర్ సువార్తాంటీది.

మాది దువ్వాడ స్టేషనుకి దగ్గర్లో ఉన్న చిన్న కాలనీ. నాన్న స్టీలు ప్లాంటు ఉద్యోగం కోసం భీమవరం వైపు నుంచి వచ్చారు. ఇంట్లో మా మాట గోదావరి మాట. బయట నోరు విప్పితే తోటి పిల్లలు నవ్వేవారు. అలా మొదలైన మౌనం కాలేజీకి వచ్చేసరికి అలవాటైపోయింది. పుస్తకాలు చదువుకోవడం, మేడ మీద కూర్చుని డైరీ రాసుకోవడం, అంతే నా లోకం. లాక్‌డౌన్ పెట్టిన మొదటి వారం నా డైరీలో ఇలా ఉంది: "రైళ్ళు లేవు. ఇన్నేళ్ళూ రైలు చప్పుడుకి నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు చప్పుడు లేక పట్టడం లేదు."

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం సువార్తాంటీ మా గేటు దగ్గర నిలబడి మేడ వైపు చూసి పిలిచారు. పొట్టి మనిషి. నడక మాత్రం ఎవరికీ అందేది కాదు. మా వీధిలో పిల్లలందరికీ పోలియో చుక్కలు వేసిన చెయ్యి ఆవిడది.

"ఓ డైరీ పాపా! బేగి కిందికి దిగు. రోజూ అంతలేసి రాత్తన్నావు కదా, నాలుగు రోజులు నా కాడ జొరాల లెక్క రాయి. నా కళ్ళజోడు ఇరిగిపోనాది. షాపులన్నీ మూసేసినారు."

అమ్మ కంగారుగా బయటికి వచ్చింది. "అది ఇంట్లో వాళ్ళతోనే సరిగ్గా మాట్లాడదు వదినగారూ. ఈ రోగాల్లో దాన్ని ఇల్లిల్లూ తిప్పితే ఎలాగండీ?"

"మాటలు నాను సూసుకుంటాను వదినా. నీ కూతుర్ని ఏ గేటూ దాటనివ్వను. రాత్తే సాలు."

అమ్మ లోపలికి వెళ్ళి, నాన్న చేతిరుమాలు రెండు మడతలు పెట్టి తెచ్చి నా ముక్కుకి కట్టింది.

మేం రోజూ ఎనభై గడపలు తిరగాలి. జ్వరం ఉందా, దగ్గు ఉందా, బయటి ఊళ్ళ నుంచి ఎవరైనా వచ్చారా అని అడగాలి. మొదటి రోజు అందరూ "నేదు, నేదు" అనే అన్నారు. పక్క వీధిలో జ్వరం వచ్చిన ఒక ఇంటికి ఇరుగుపొరుగు వాళ్ళే అడ్డంగా కర్రలు కట్టేశారని అప్పటికే అందరికీ తెలిసిపోయింది. ఇక నిజం ఎవరు చెబుతారు? మర్నాటి నుంచి ఆంటీ ప్రశ్న మార్చేశారు.

"జొరముందా అంటే నేదంతారు. కూరేటి అంటే నిజం సెప్పేత్తారు. జొరమొచ్చిన ఇంట్లో ఒకలికి ఏరేగా సారో, జావో కాయాల గదా" అన్నారు నాతో.

అలా నేను వీధి వీధంతా వండుకున్న కూరలు రాశాను. బీరకాయ, పప్పుచారు, ఎండు నెత్తళ్ళ వేపుడు. వీధి చివరి ఆటో డ్రైవరు ఒకరోజు గేటు మీద వాలి, "ఏటక్కా, రోజూ అడుగుతన్నావు, బోయినానికి వత్తావేటి?" అన్నాడు. "నువ్వొండితే రాను తమ్ముడూ. మీ ఆవిడొండితే వత్తాను" అన్నారు ఆంటీ. లోపల్నుంచి వాళ్ళావిడ నవ్వు వినిపించింది. నవ్వుతూనే ఆవిడ, "అత్తకి రాత్రి నుంచి జావేనక్కా" అని చెప్పేసింది. అంత తేలికగా బయటపడేది నిజం. ఆ ముసలమ్మది మామూలు జ్వరమే. మూడు రోజుల్లో తగ్గిపోయింది.

పదో రోజునేమో, ఆంటీకి ఆరోగ్య కేంద్రంలో మీటింగు పడింది. చివరి ఆరిళ్ళూ నన్నొక్కదాన్నే చూసి రమ్మన్నారు. ఆఖరిది మంగక్క ఇల్లు. ఆవిడ భర్త అప్పలరాజు పోర్టులో సరుకు దించే కూలీ. గేటు ముందు నిలబడి, మాట కూడగట్టుకుంటున్నాను. అంతలో కిటికీ రెక్క బెత్తెడు తెరుచుకుంది. "కానాగంతల పులుసు పాపా. అందరం బాగున్నాం" అని మంగక్క రెక్క మూసేసింది. అడిగే పని తప్పిందని నాకు ఎంత హాయిగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది. గుండ్రంగా, అందంగా రాసుకున్నాను.

సాయంత్రం ఆంటీకి వరసగా చదివి వినిపిస్తుంటే ఆవిడ ఒక్కసారిగా చెయ్యెత్తారు. "ఆగాగు. మంగ ఏటన్నాది?"

"కానాగంతల పులుసండీ."

"సేపలెక్కడివే?"

హార్బరులో బోట్లన్నీ కట్టేసి రెండు వారాలు దాటింది. ఊరంతా పచ్చి చేప ముఖం చూసి ఎన్నాళ్ళయిందో. మా ఇంట్లో నాన్న రోజూ ఆ మాటే అంటూ కంచం ముందు కూర్చునేవారు.

"తప్పు రాశానాండీ?"

"ఇన్నది ఇన్నట్టే రాసినావు. గాని ఆలోసించనేదు. లెగు, ఎల్దాం."

మంగక్క తలుపు మూసే ఉంది. ఆంటీ తలుపు కొట్టలేదు. నాలుగడుగుల దూరంలో అరుగు మీద కూర్చుని, "మంగా, ఏ బోటోడు ఇచ్చినాడే నీకు సేపలు? నాకూ సెప్పు, నాలిక సచ్చిపోతంది" అన్నారు. లోపల్నుంచి ఏడుపు వినపడింది.

అప్పలరాజుకి నాలుగు రోజులుగా జ్వరమట. ఆ పొద్దుటి నుంచి ఆయాసం. చాప మీంచి లేవలేకపోతున్నాడట. "అంబులెన్సొత్తే ఈదంతా సూత్తారక్కా. ఇంక నన్ను కుళాయి కాడికి రానిత్తారేటి? ఇద్దరు పిల్లల్తో నీళ్ళు నేక సావాలా?"

"నీళ్ళ సంగతి నాకొగ్గేయ్. ముందు నీ మొగుణ్ణి బతికించుకుందాం."

అంబులెన్సు వచ్చింది. ఒక్కరూ దగ్గరికి రాలేదు. పిల్లల్ని వదిలి మంగక్క వెళ్ళలేదు. ఆంటీయే ముందు సీట్లో ఎక్కి కూర్చున్నారు. ఎక్కుతూ నా వైపు తిరిగి, "పొద్దున్న కుళాయి కాడికి నాను రానేను. నువ్వుండు. మంగకి మాటిచ్చినాను" అన్నారు.

"నేనా ఆంటీ?"

"నువ్వే. ఇంకెవులున్నారు?"

తెల్లారేసరికి కుళాయి దగ్గర సున్నం గీతల్లో బిందెలు బారులు తీరాయి. మంగక్క గుమ్మం బయట పెట్టిన రెండు బిందెలూ తీసుకెళ్ళి నేను వరసలో పెట్టాను. "ఎవులివే ఆ బిందెలు?" అంది ఒకావిడ. ఇంకొకరు, "తియ్యి తియ్యి! కుళాయికి అంటుకుంతాది" అన్నారు. ఇంటికి పారిపోవాలనిపించింది. కాని పారిపోతే ఆ ఇంట్లో ఆ పూటకి నీళ్ళుండవు.

"మంగక్క బిందెలండీ ఇవి. ఆవిడ కుళాయి దగ్గరికి రారు. నేనే పట్టి గుమ్మం దగ్గర పెడతాను. రోజూ నేనే పడతాను" అన్నాను. ఎవరూ తమ బిందె జరపలేదు. తర్వాతి మాట నేను అనుకున్నది కాదు, దానంతటదే వచ్చింది. "ఈ వీధిలో ఎవరింట్లో ఏం కూరో నాకు తెలుసండీ. రేపు మీ ఇంట్లో జావ కాస్తే, మీ బిందెలూ నేనే పడతాను."

"ఓలమ్మా! ఈ గుంటకి నోరుందేటి!" అన్నాడు ఆటో డ్రైవరు. అని తన బిందెని వెనక్కి జరిపాడు. ఆ ఖాళీలో నేను మంగక్క బిందె పెట్టాను. మూడో రోజుకి ఆటో డ్రైవరు భార్య, "నాకూ ఓ పూట ఒగ్గవే" అని ఒక బిందె లాక్కుంది.

అప్పలరాజుది ఆ జబ్బే. ఇంకొక రోజు ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టర్లు అన్నారట. మూడు వారాల తర్వాత, సగానికి సగం చిక్కి, తన కాళ్ళ మీద నడిచి వీధిలోకి వచ్చాడు. అంబులెన్సులో వెళ్ళినందుకు ఆంటీని చర్చి బడి గదిలో విడిగా ఉంచారు. కుళాయి సంగతి ఆవిడకి ఫోనులో చెప్పాను. "నానున్నా అంత బాగా అననేకపోదును" అన్నారు. నా జీవితంలో నాకు దొరికిన మొదటి మెప్పు అది. అంతకన్నా పెద్దది తర్వాత కూడా దొరకలేదు.

ఆంటీ ఇప్పుడు ఉద్యోగం మానేసి పెందుర్తిలో కూతురి దగ్గర ఉంటున్నారు. నేను పరవాడలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పని చేస్తున్నాను. మందు నాణ్యత పరీక్షించి అంకెలు రాయడం నా పని. ఇప్పటికీ పదిమందిలో మాట్లాడాలంటే నాకు అరచేతులు చెమటలు పడతాయి. కాని అంకెలు మరీ ముచ్చటగా వచ్చిన రోజు నేను సంతకం పెట్టలేను. ఆ మందు మింగేవాళ్ళు ఏదో ఒక ఇంట్లో చాప మీద పడుకుని ఉంటారనిపిస్తుంది. లేచి పై అధికారి గదికి వెళతాను. ఆయన గడియారం చూసి విసుక్కుంటారు. నా గొంతు వణుకుతుంది. ఆ వణుకుతోనే చెబుతాను: "ఇంకొక్కసారి చేసి చూద్దామండీ."