రాముడన్నకు నీళ్లంటే భయం

హిందూపురం దగ్గర మందుల ముడిసరుకు తయారుచేసే మా ఫ్యాక్టరీలో రియాక్టర్ నడిపే వెంకటరాముడిని అందరం రాముడన్నా అంటాం. పెనుకొండ నుంచి రోజూ బస్సులో వస్తాడు. చేతులు కడుక్కుంటే వేళ్ల సందుల్లో కూడా తడి లేకుండా రెండుసార్లు తుడుచుకున్నాకే ప్లాంటులో అడుగుపెడతాడు. కెమిస్టుగా ఇన్ని ఫ్యాక్టరీలు తిరిగాను, ఇంత చాదస్తం ఎక్కడా చూడలేదు.

చాదస్తమని నేనంటాను గానీ, కారణం ఉంది. మందు తయారీలో అమైడ్ అనే రసాయనాన్ని అమైన్‌గా మార్చాలంటే అందులోని ఆక్సిజన్‌ను ఊడపీకాలి. ఆ పనికి మావాళ్లు పదహారేళ్లు ఒక బూడిదరంగు పొడి వాడారు. నీటిచుక్క తగిలితే చాలు, భగ్గుమంటుంది. ఏడేళ్ల కిందట నేల మీద ఒలికిన పొడి రాజుకుంటే, కంగారులో బకెట్టు నీళ్లు విసిరింది రాముడన్నే. పక్కనున్న ఉదయ్ కుమార్‌కు ఒక కన్ను పోయింది. అతను ఇప్పుడు ధర్మవరంలో మిగిలిన కంటితోనే మగ్గం నేస్తున్నాడు.

ఈ ఏడాది నేను కొత్త పద్ధతి తెచ్చాను. రసాయన చర్యను నడిపించే నల్లటి క్యాటలిస్టు పొడి, హైడ్రోజన్, అంతే. పాత పద్ధతిలోలా డ్రమ్ముల కొద్దీ బురద మిగలదు.

"మరేం మిగుల్తాది మేడమ్?"

"నీళ్లే అన్నా."

ఆయన ముఖం పాలిపోయింది. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఒకటే జాగ్రత్త. వడకట్టిన క్యాటలిస్టు తడారిపోతే గాలి తగిలినా అంటుకుంటుంది. ఎప్పుడూ తడిగా ఉంచాలి. పదిసార్లు చెప్పాను, గోడకు కాగితం అంటించాను, ఫిల్టర్ పక్కన నీళ్ల క్యాను పెట్టాను.

మూడో బ్యాచ్ రోజు మధ్యాహ్నం, వడపోత అయ్యాక చూస్తే క్యాను లేదు.

"క్యాను యాడ పెట్టినావన్నా?"

"బయట పెట్టినా మేడమ్. ఈడ నీళ్లు చూసేసరికి చెయ్యి ఆగలేదు."

నాకు ఒళ్లు మండింది. తిట్టడానికి నోరు తెరిచానో లేదో, ఫిల్టర్ అంచున పొగ లేచింది. నల్లటి ముద్దలో ఒక ఎర్రటి చుక్క, ఆ వెంటనే ఇంకొకటి. నాలుగడుగుల దూరంలో పెట్రోలులా అంటుకునే సాల్వెంట్ డ్రమ్ములున్నాయి.

పరుగెత్తి క్యాను తెచ్చాను. రాముడన్న అడ్డం నిలబడి నా మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు మేడమ్! నీళ్లు వద్దు!"

"ఇది ఆ పొడి కాదన్నా! పోయకపోతేనే పోతాం!"

వదల్లేదు. ఎరుపు సగం ముద్దకు పాకింది. కోపమంతా ఏమైందో, భయంతో ఏడ్చేశాను. "నీకు దండం పెడతా, నా మాట నమ్మన్నా!"

"అయితే మీరు బయటికి పోండి. ఆ గోడ అవతలికి పోండి."

క్యాను లాక్కున్నాడు. నేను గుమ్మం దాటేదాకా ఆగాడు. ముఖం పక్కకు తిప్పుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, మొత్తం కుమ్మరించాడు.

బుస్సుమని ఆవిరి లేచింది. తర్వాత మంట లేదు, పొగ లేదు. నేను లోపలికి పరుగెత్తాను. రాముడన్న ఖాళీ క్యాను పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. కళ్లు తెరవలేదు.

"ఎవరికన్నా తగిలిందా మేడమ్?"

"లేదన్నా. ఆరిపోయింది."

"మీ కళ్లు?"

"బాగుండాయన్నా. నిన్నే చూస్తాండా."

"రెండూనా?"