డాక్టర్‌నే, కానీ సూది వేయలేను

కిర్గిజ్‌స్థాన్‌లో ఎంబీబీఎస్ చదివి వచ్చినప్పుడు మా బొల్లారం బస్తీవాళ్లు నాకు ఫ్లెక్సీ కట్టారు. మా ఇంట్లో చదువుకున్న మొదటిదాన్ని నేనే మరి. విదేశాల్లో చదివినవాళ్లు ఇక్కడ రాయాల్సిన పరీక్ష కూడా పాసయ్యాను. ఇంటర్న్‌షిప్‌కు సీటు దొరకక లైసెన్స్ మాత్రం ఇంకా రాలేదు.

ఈ సాయంత్రం పక్కింటి రెహానా ఆంటీ జ్వరంతో ఉన్న మనవరాలిని ఎత్తుకుని వచ్చింది.

"జెర సూది వెయ్యి బేటీ, పిల్ల పరేషాన్ అయితుంది."

"నేను వెయ్యొద్దు ఆంటీ, లైసెన్స్ రాలే ఇంకా. పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి."

"ఏందమ్మా, ఫ్లెక్సీ మీద డాక్టర్ అని రాసిండ్రు, ఉత్తదేనా?"

నవ్వుతూనే అని, నేరుగా గల్లీ చివర ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లింది. ఏ మెడికల్ కాలేజీ గడపా తొక్కని ఆయన అడగ్గానే సూది వేశాడట. పాప ఇప్పుడు నిద్రపోతోందట. నాకే మనసు కుదుటపడలేదు.

మాలాంటివాళ్లకు త్వరగా ఇంటర్న్‌షిప్ సీట్లిచ్చి ఉంటే ఆంటీ అక్కడికి వెళ్లేదే కాదని ముందు కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. సూది వేయడానికే లైసెన్స్ కావాలి. పాపను ఎత్తుకుని ఆంటీతో దవాఖాన దాకా వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా!

నాలా ఎదురుచూస్తున్న డాక్టర్లూ, మీ ఇంటి తలుపు తట్టినవాళ్లకు మీరేం చెబుతున్నారు?