ట్రాయ్‌లో నియంత వధ, వన్స్ మోర్

రోమ్ నియంతను మేము చంపింది ట్రాయ్‌లో. గ్రీకులు కొయ్యగుర్రంలో దూరిన ట్రాయ్ కాదు. డెట్రాయిట్ పక్కన, మనవాళ్ళు మినీవ్యాన్లలో దిగిన ట్రాయ్. ట్రాయ్‌లో రోమన్లకేం పని అని నిలదీయగల చరిత్ర మాస్టారు మా తెలుగు సంఘంలో ఒక్కరూ లేరు. ఉన్నవాళ్ళలో ఎక్కువమందిమి కార్ల ఇంజనీర్లం. నేను వైపర్ మోటార్ల మనిషిని. నాటకం రాయడానికి అదే అర్హత అని ఎవరూ అనలేదు గానీ, అడ్డు కూడా చెప్పలేదు.

ఈ శతాబ్దం తొలి పదేళ్ళలో మా సంఘానికి అధ్యక్షుడు ఒక గుండె డాక్టరు గారు. ఎంతకాలంగా అంటే, కొత్తగా వచ్చినవాళ్ళు ‘అధ్యక్షుడు’ ఆయన ఇంటిపేరనుకునేవారు. ఎన్నిక జరగలేదని అనకూడదు, ఏటా జరిగేది. ఉగాది కార్యక్రమం అయ్యాక, భోజనాలకు ముందు. పక్క గదిలోంచి గుత్తివంకాయ వాసన వస్తుండగా “డాక్టర్ గారినే కొనసాగిద్దామా?” అని మైకులో అడిగితే, కాదనేంత ప్రజాస్వామ్యం ఖాళీ కడుపులో ఎవరికి ఉంటుంది?

ఆ ఏడు మాత్రం కాదనబోతున్నారు. కుర్రకారంతా ఏకమై సంఘం కార్యదర్శిని పోటీకి ఒప్పించారు. ఈ సంగతి డాక్టర్ గారికి తప్ప ఊరందరికీ తెలుసు. కార్యదర్శి వరంగల్ మనిషి. అమెరికా వచ్చిన కొత్తలో ప్రాజెక్టు పోయి, వీసా గడువు నెత్తిమీద వేలాడుతుంటే, ఒక చలికాలమంతా డాక్టర్ గారి బేస్‌మెంట్‌లో ఉన్నాడు. ఆ ఇంటి అన్నం తిన్నాడు. మంచులో కారు నడపడం ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. పోటీ అన్నది బయటివాళ్ళతో చేసేదే గానీ, పప్పు వడ్డించిన చేతితో చేసేది కాదని అతని బాధ. నా నాటకం ఆ బాధను కాస్త పెంచింది. అందులో నియంత డాక్టర్ గారు. సెనేట్‌లో ఆయన్ను పొడిచే ప్రాణమిత్రుడు కార్యదర్శి. పాత్రలు పంచింది డాక్టర్ గారే.

రిహార్సల్స్ ఆ బేస్‌మెంట్‌లోనే. “ఇయ్యాల చెప్పేస్త అన్నా,” అని ప్రతిసారీ మెట్ల మీద నాతో అనేవాడు కార్యదర్శి. కిందికి దిగేసరికి డాక్టర్ గారి భార్య పకోడీల పళ్ళెం అందించేది. నోట్లో పకోడీ పెట్టుకుని తిరుగుబాటు ప్రకటించడం రోమన్లకైనా కష్టమే. ఇక అట్టకత్తితో పొడిచిన ప్రతిసారీ “సారీ సార్” అనేవాడు.

“ఏవయ్యా, కుట్రదారులు సారీ చెప్పేవారా రోమ్‌లో?” డాక్టర్ గారు కార్పెట్ మీద శవంగా ఉండే అడిగేవారు.

“పెద్దోళ్ళు గద సార్.”

“కవిగారూ, వీడికి కాస్త ద్రోహం నేర్పండి.”

కవిగారంటే నేను. నేను వచనంలో రాసుకొస్తే, నియంత పద్యం పాడకుండా చస్తే గుంటూరులో తన పరువేం కావాలని ఆయన పట్టుబట్టారు. టోగా కోసం కొన్న దుప్పటిని పంచెలా కట్టి, “రోమన్లంటే గోచీ మర్చిపోయిన మనవాళ్ళేనయ్యా,” అని చరిత్రను ఒక వాక్యంలో తేల్చేశారు. పద్యం నేనే కట్టాను:

కత్తి గుండె దిగిన కన్నీరు రాలేదు
చెయ్యి నీది గాన చెమ్మగిల్లె
అన్నమింట దినిన యాప్తమిత్రుడ వీవె
పొడిచి పొమ్ము రోము పొద్దు గూకె

రోమన్లు అన్నం తినేవారా అని ఒకాయన అడిగాడు. రొట్టె పెట్టి చూశాను. పద్యానికి జ్వరం వచ్చినట్టుంది. అన్నమే ఉంచాను.

ఉగాది రోజు బడి ఆడిటోరియం నిండిపోయింది. కార్యదర్శి అప్పటికీ చెప్పలేదు. నేను పక్క తెర చాటున, ఎవరు మాట మరిచిపోతే వాళ్ళకు అందించడానికి కాగితాలతో నిలబడ్డాను. స్టేజీ అంచున డాక్టర్ గారి భార్య హార్మోనియం ముందు కూర్చుంది. సెనేట్ అంటే అరడజను ప్లాస్టిక్ కుర్చీలు. కార్యదర్శి వచ్చి పొడిచాడు. డాక్టర్ గారు మోకాళ్ళ మీదికి జారి పద్యం అందుకున్నారు.

‘అన్నమింట’ దగ్గరకు రాగానే హాలు గొల్లుమంది. అన్నం ఎవరింటిదో, తిన్నది ఎవరో అందరికీ తెలుసు మరి. ఆ నవ్వు తన గాత్రానికి జోహారనుకుని కాబోలు, డాక్టర్ గారు ‘ఇంట’ దగ్గర రాగం తీస్తూ ఆ ఇంటికి ఇంకో అంతస్తు కట్టారు. ఆ తర్వాత నిదానంగా, ఎవరికీ ఇబ్బంది లేకుండా చనిపోయారు.

“వన్స్ మోర్!”

పద్యం నచ్చి జనం వన్స్ మోర్ అంటే చచ్చినవాడైనా లేచి మళ్ళీ పాడాలి. అది మన నాటకాల ధర్మం. రోమ్ చట్టంలో లేకపోవచ్చు. డాక్టర్ గారు రెండో పిలుపు దాకా ఆగలేదు. లేచి, గోచీ సర్దుకుని, శ్రుతి చూసుకుని పాడారు. అయితే మళ్ళీ చావాలంటే మళ్ళీ పొడవాలి కదా. కార్యదర్శి వంగిపోయిన అట్టకత్తిని తొడ మీద పెట్టి సాపు చేసుకుని ముందుకు వచ్చాడు. చెయ్యెత్తాడు. చెయ్యి అక్కడే ఆగింది. కత్తి జారింది. పక్కన కూలబడి, దుప్పటికి తగిలించిన మైకు సంగతి మరిచిపోయి, గుసగుసగా అన్నాడు:

“సార్, నేను ఎలక్షన్ల నిలబడుతున్న.”

ఆడిటోరియం చివరి వరసకు కూడా చక్కగా వినబడింది. హార్మోనియం ఒకే స్వరం పట్టుకుని మోగుతూ ఉండిపోయింది. నా చేతిలో కాగితాలున్నాయి గానీ ఈ సీనుకు అందించడానికి వాటిలో ఏమీ లేదు.

“తెలుసు,” అన్నారు డాక్టర్ గారు, అదే మైకులో.

“ఎవరు చెప్పిన్రు సార్?”

“మా ఆవిడ. ముందు పొడువు.”

“నాతోని కాదు సార్.”

“పద్యం పాడించి పొడవకపోతే అసహ్యంగా ఉంటుందయ్యా. లే. ఈసారి సారీ అన్నావో, నా ఓటు నీకు పడదు.”

“కానివ్వు నాయనా,” అంది హార్మోనియం వైపు నుంచి ఆవిడ. “నా వేళ్ళు లాగేస్తున్నాయి.”

కార్యదర్శి కళ్ళు తుడుచుకుని, కత్తి తీసుకుని, జన్మలో మొదటిసారి క్షమాపణ లేకుండా పొడిచాడు. హాలు హాలంతా లేచి నిలబడింది. వన్స్ మోర్! ఈసారి అరుస్తున్నవాళ్ళలో కార్యదర్శిని పోటీకి ఒప్పించిన కుర్రాళ్ళే ముందున్నారు. ఆ క్షణాన డాక్టర్ గారు లేచి మళ్ళీ పాడితే చాలు, ఎన్నిక అక్కడికక్కడే అయిపోయేది. ఇంకో పదేళ్ళు ఆయన్ను ఎవరూ కదిలించలేరు. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఆయన కాలి బొటనవేలు కదులుతోంది. వన్స్ మోర్ అంటే లేవకుండా ఉన్న చరిత్ర ఆ శరీరానికి లేదు.

శవం ఒక కన్ను తెరిచి నా వైపు చూసింది. నా పని నేను చేశాను. “కత్తి గుండె...” అని అందించాను.

ఆయన కన్ను మూసేసుకున్నారు.

వన్స్ మోర్‌లు కాసేపు సాగి, తడబడి, నవ్వులయ్యి, చప్పట్లయ్యాయి. తెర పడింది.

ఎన్నికలో మైకు ఆయనే తీసుకున్నారు, దుప్పటితోనే. “చచ్చినవాణ్ణి పోటీకి పెట్టడం మన రాజ్యాంగంలో లేదు. మనకు రాజ్యాంగమే లేదనుకోండి. అయినా లేదు,” అని, కార్యదర్శి పేరు తనే ప్రతిపాదించారు. వంకాయ వాసన గట్టిగానే వస్తోంది. అభ్యంతరాలు లేవు. కొత్త అధ్యక్షుడు మాట్లాడదామని లేచి, అందరికీ దండం పెట్టి కూర్చున్నాడు.

భోజనాలయ్యాక పార్కింగ్ లాట్‌లో సన్నగా మంచు పడుతోంది. మిషిగన్‌లో వసంతం అలాగే వస్తుంది. దుప్పటి మీద కోటు వేసుకుని డాక్టర్ గారు వ్యాన్ వెనక హార్మోనియం ఎక్కిస్తున్నారు. నన్ను పక్కకు పిలిచారు. పదవి, నమ్మకం, మిత్రుడు, అలాంటి మాటలేవో వస్తాయని నేను ఓదార్పు సిద్ధం చేసుకున్నాను.

“నిజం చెప్పండి కవిగారూ. ఎలా చచ్చాను?”

“మొదటిసారి కాస్త ఎక్కువ చచ్చారు. రెండోసారి అద్భుతం.”

“మూడోసారి లేచుంటే?”

“మళ్ళీ మీరే అధ్యక్షులు.”

“చలేస్తోంది, ఎక్కండి!” అని ముందు సీట్లోంచి ఆవిడ అరిచింది. ఆయన డోర్ మీద చెయ్యి వేసి, నా అమాయకత్వానికి జాలిపడుతున్నట్టు తల ఊపారు.

“అది కాదయ్యా. మూడోసారికి గొంతు ఇంకా బాగా పలికేది.”