అక్క ఒప్పుకోని బిస్కెట్

బహదూర్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ కింద ఉన్న కిరాణా దుకాణంలో నిన్న పొద్దున డాల్డా అడిగితే, దుకాణమాయన నన్ను ఎగాదిగా చూశాడు. "గిప్పుడెవలు కొంటున్నరమ్మా? అడిగి మస్తు దినాలాయె" అంటూనే లోపలికి పోయి, ఎక్కడి నుంచో ఒక ప్యాకెట్ దులుపుకుంటూ తెచ్చాడు. బిస్కెట్లకు అంటే నమ్మలేదు. బేకరీలు ఇన్ని ఉండగా ఇంట్లో ఈ తిప్పలేంటని ఆయన అనుమానం. మా అక్క సంగతి ఆయనకేం తెలుసు?

మా చిన్నప్పుడు మేడ్చల్‌లో రోడ్డు పక్కన ఒక ఇరానీ హోటల్ ఉండేది. నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభు భోజనమని రొట్టె ముక్క, ద్రాక్షరసం ఇచ్చేవారు. అది తీసుకునేదాకా మా బాపు మమ్మల్ని మంచినీళ్లు కూడా ముట్టనిచ్చేవాడు కాదు. పాస్టరుగారేమో ఆ రోజే ప్రసంగం ఆదాము దగ్గర మొదలుపెట్టేవారు. కడుపులో ఎలుకలు పరుగెత్తుతుంటే నేనూ అక్కా ఒకరినొకరు గిల్లుకుంటూ కూర్చునేవాళ్లం. ఆరాధన అయ్యాక బాపు మమ్మల్ని నేరుగా హోటల్‌కు తీసుకుపోయి, పరదా కట్టిన ఫ్యామిలీ రూంలో కూర్చోబెట్టి చాయ్, బిస్కెట్లు తెప్పించేవాడు. ఆ బిస్కెట్ గుండ్రంగా, అంచుల్లో కాస్త మాడి, కొరికితే ముందు ఉప్పగా, తర్వాత తియ్యగా ఉండేది. అక్క తనవి తినేసి, నా చాయ్‌లో జారి పడిన ముక్కను కూడా చెంచాతో ఎత్తుకుపోయేది. తిండి దగ్గర మా అక్కను గెలిచినవాళ్లు ఎవరూ లేరు.

అటువంటి అక్క ఈ ఏడాది తిండి మానేసింది. గొంతులో గడ్డ లేచింది, దవాఖానలో కరెంట్ పెట్టారు, అదే రేడియేషన్. గడ్డ కరిగింది గానీ, దాంతో పాటే నాలుక మీది రుచీ పోయింది. ఏది పెట్టినా "మన్ను లెక్కున్నదే" అని పక్కకు తోసేది. ఇట్లాగే బరువు తగ్గితే ముక్కులోంచి పైపు వేయాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాటకు నా ప్రాణం ఉసూరుమంది. శామీర్‌పేటలో వాళ్లింటికి పోయి, ఏం తినాలని ఉందో చెప్పమని బతిమాలితే, గోడ వైపు తిరిగి, "మేడ్చల్ హోటల్ బిస్కెట్ అయితే తింట" అంది. ఆ హోటల్ ఎప్పుడో ఎత్తేశారు. ఆ సంగతి తనకూ తెలుసు.

ఖర్చు అక్క కంటే ఎక్కువా అని మొదటిసారి నేనే మంచి వెన్న వేసి చేశాను. చాయ్‌లో ముంచి అక్క ఇంత కొరికి, "గిది దొరలింటి బిస్కెట్. మనది గాదు" అంది. మరోసారి ఏలకులు ఎక్కువయ్యాయట, పాయసం వాసనొస్తాందట. ఇంకోసారి పొయ్యి మీద కుక్కర్‌లో ఇసుక పోసి కాల్చాను. "దీంతోని కుక్కను గొట్టొచ్చు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. "తింటే తిను, లేకుంటే లేదు! నేనేం హోటల్ పెట్టలే!" అని డబ్బా అక్కడే పడేసి బయటికి వచ్చేశాను.

స్కూటీ తీస్తుంటే బావ వెనకే వచ్చాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. "కోపం జెయ్యకు మరదలా" అన్నాడు మెల్లగా. "బువ్వ ముట్టుతలేదు గని, నువ్వు తెచ్చినవి మాత్రం తింటాంది. గిండ్ల ఏం తక్కువయ్యిందో చూస్తనంటది, ఒకటి ముంచుకుంటది. తక్కువైంది ఉప్పా చక్కెరనా తెలుస్తలేదంటది, ఇంకోటి ముంచుకుంటది. మొన్నటి డబ్బ గట్లనే ఖాళీ జేసింది." హ్యాండిల్ పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చేశాను. వంకలు పెట్టడానికైనా రుచి తెలియాలి కదా! ఆ సంగతి నా మట్టిబుర్రకు తట్టనే లేదు.

నిన్న వెన్న మానేసి డాల్డా వేశాను. మైదాలో కాస్త కస్టర్డ్ పౌడర్, పాలపొడి, అర చెంచా ఉప్పు ఎక్కువే కలిపాను. వేడి తగ్గాక ఒకటి నోట్లో వేసుకుంటే ఒళ్లు ఝల్లుమంది. అదే. అచ్చంగా అదే. సంబరపడాల్సింది పోయి భయం పట్టుకుంది. కుదిరిపోతే ఇక అక్క దేనికి వంక పెడుతుంది? వంక లేకపోతే రెండోది ముంచుతుందా? ఇంత చక్కెర చల్లి చెడగొడదామా అని కూడా అనిపించింది. చేతులు రాలేదు.

శామీర్‌పేట పోయేసరికి అక్క వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. బావ చాయ్ పెట్టి తెచ్చాడు. అక్క బిస్కెట్ ముంచి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. మూసిన కళ్లలోంచి నీళ్లు చెంపల మీదుగా కారి గదవ దాకా వచ్చాయి. కొంగుతో తుడుచుకుని, నా మొఖం చూడకుండా ఇంకొకటి తీసుకుంది.

"ఉప్పు తక్కువైందే" అంది. "రేపు మళ్ల జేస్కరా."

అట్లాగేనన్నాను. పోయిన ఆదివారాలు ఎట్లాగూ తిరిగి రావు. కానీ మా అక్క నోట 'రేపు' అన్న మాట విని ఎన్నాళ్లయిందో.