స్పీకర్‌లోకి పోని నీళ్లు

నాకు రాయడం రాక ఇన్నాళ్లూ ఏదీ రాయలేదు. బడి ఊళ్లోనే ఉండేది. కాని పత్తి విచ్చేదీ, మిరప పండేదీ బడి నడిచే నెలల్లోనే. చిన్న వేళ్లతో తీస్తే పత్తికి చెత్త అంటదని మా అమ్మ నన్ను చేలోకి తీసుకుపోయేది. తర్వాత పెళ్లయింది, పిల్లలు పుట్టారు, చేను మాత్రం మారలేదు. మనవరాలు కూడా పుట్టాక అప్పుడు చదువు వచ్చింది. మా పాస్టరు గారి భార్యను అమ్మగారు అంటాం. ఆమె సాయంత్రాలు చర్చిలో ఆడవాళ్లకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. పాటల నంబర్లు రాసే నల్లబల్ల మీదే మేం అక్షరాలు దిద్దాం.

కోత పండుగ నాడు బైబిల్ వాక్యం నన్నే చదవమని అమ్మగారు చెప్పారు. చర్చిలో అందరూ వినేలా నేను చదవడం అదే మొదటిసారి అయ్యుండేది. మిరపకోతకు పోతూ దారంతా గొణుక్కునేదాన్ని. పక్క సాలులో ఆడవాళ్లు, పంతులమ్మ వచ్చింది వంగి కోయండర్రా అని నవ్వేవాళ్లు. నాకూ నవ్వొచ్చేది.

చర్చి ఊడ్చి కడిగే పని చాలా ఏళ్లుగా నాదే. శనివారం చాపలు ఎత్తేసి, బక్కెట్లతో నీళ్లు కొట్టి, చీపురుతో తోసేదాన్ని. ఆ ఏడాది పాటలకు వాయించేవాళ్లు దొరక్క మా సంఘపెద్ద ఒక ల్యాప్‌టాప్ తెచ్చి స్పీకర్లకు కలిపాడు. ఆయన రిటైరైన టీచరు, వరసకు నాకు అన్న. అప్పటినుంచీ పాట మొదలయ్యే ముందు స్పీకర్‌లో టప్‌మని చప్పుడు, పాట ఆగిన కాసేపటికి మళ్లీ టప్. పాస్టరు గారు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే అది పేలేది. పిల్లలు కిసుక్కుమనేవాళ్లు.

కొత్త ల్యాప్‌టాప్‌లో తప్పుంటుందని ఆయనకు తోచలేదు. చేతిలో బక్కెట్‌తో కనబడేదాన్ని నేను. ఒక ఆదివారం అందరూ ఉండగానే పిలిచాడు.

"స్పీకర్‌లో నీళ్లు పోశావు గదా. ఒప్పుకో, అయిపోద్ది."

"పోయలేదన్నయ్యా. స్పీకర్లు బల్ల మీద ఉండాయి, నేను కడిగేది నేల."

"అబద్ధం చెప్పే నోటితో వాక్యం ఎట్టా చదువుతావు?"

అంతటితో నా చదవడం పోయింది. తప్పు ఒప్పుకుని సంఘం ముందు క్షమాపణ అడిగితే మళ్లీ ఇస్తానన్నాడు. చేయని పనికి అడగనన్నాను. వాక్యం ఆయన కోడలికి ఇచ్చారు. అమ్మగారి వైపు చూశాను. ఆమె చాప అంచు సర్దుకుంటూ కూర్చున్నారు. ఆయన మాటకన్నా నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

చర్చిలో చుక్క నీరు పడకూడదని కూడా చెప్పాడు. ఉత్త చీపురుతో ఊడ్చాను. కోత పండుగకు మా దగ్గర ఎవరి పంటలో తొలి భాగం వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పోస్తారు, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. మా ఊళ్లో పంటంటే ఎండు మిరపే. రాశులు పోసేటప్పుడు లేచిన ఘాటు కడగని నేల దుమ్ముతో కలిసి చర్చంతా కమ్మేసింది. తుమ్ములు, దగ్గులు. పాస్టరు గారు ప్రార్థనలోనే మూడుసార్లు తుమ్మారు. నా వెనకున్న ఆమె చెవి దగ్గరకు వంగి, "వదినా, కడిగితే స్పీకర్‌కి జలుబు, కడక్కపోతే మనకి" అంది.

పాట ఆగింది. కోడలు లేచి నేను దారంతా గొణుక్కున్న వాక్యం మొదలుపెట్టింది. రెండో మాట మీద టప్‌మంది. ఆ అమ్మాయి ఉలిక్కిపడి మళ్లీ మొదటి నుంచి చదివింది.

పండుగకు మా అక్క కూతురు వచ్చి ఉంది. ఒంగోలులో కాలేజీ పిల్లలకు కంప్యూటర్ చెబుతుంది. ఆరాధన అయ్యాక ల్యాప్‌టాప్ వైరు పీకి మైకు మాత్రమే ఉంచింది. ఎంతసేపు విన్నా చప్పుడు లేదు. వైరు మళ్లీ పెట్టి పాట వేసి ఆపింది. కాసేపటికి టప్.

"నీళ్లు పోతే పాట ఆగిందాకా చూసి చప్పుడు చేస్తాయా పిన్నీ?" అంది నాతో, పెద్దాయనకు వినబడేలా.

తర్వాత ఆయనకే చెప్పింది. పాట లేనప్పుడు కరెంటు ఆదా అని కంప్యూటర్ తన శబ్దం భాగాన్ని నిద్రపుచ్చుతుందట. పడుకునేటప్పుడొకసారి, లేచేటప్పుడొకసారి ఆ చప్పుడు. శబ్దాన్ని నడిపించే డ్రైవర్ అనే దాని సెట్టింగుల్లోకి పోయి ఆ ఆదా తీసేసింది. కంప్యూటర్‌ని ఒకసారి ఆపి మళ్లీ పెట్టింది. పాట వేసింది, ఆపింది, మళ్లీ వేసింది. చప్పుడు లేదు. ఇంత చిన్న పని.

పెద్దాయన మైకు అందుకున్నాడు. నా గురించి చెబుతాడనుకున్నాను. దేవుని కృప వల్ల స్పీకర్ బాగయిందన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. మొదటి మిరప బస్తా వేలానికి పిలిచాడు. నీళ్ల సంగతి ఎవరికీ గుర్తు లేదు, లేనట్టే ఉన్నారు. పోతూ పోతూ నా దగ్గర ఆగాడు.

"వచ్చే శనివారం నుంచి కడుగు. ఎప్పుడన్నా ఒకరోజు చదువుదువుగానిలే."

అమ్మగారు పండుగ పలావు గిన్నె నా చేతిలో పెట్టి, మనసులో ఏం పెట్టుకోవద్దన్నారు. గిన్నె తీసుకున్నాను. అక్షరాలు నేర్పిన మనిషిని ఏమంటాను? ఆ పలావు మాత్రం తినబుద్ధి కాలేదు. మనవరాలికి పెట్టాను.

మర్నాడు పొద్దున్నే తాళంచెవి తీసుకుని చర్చికి పోయాను. మిరపతొడిమలు ఇంకా నేలమీదే ఉన్నాయి. ఊడ్చలేదు. నల్లబల్ల మీద పాటల నంబర్లు తుడిచేసి సుద్దముక్కతో పెద్ద అక్షరాలు రాశాను: నేల కడిగిన నీళ్లు స్పీకర్‌లోకి పోలేదు. కింద నా పేరు రాశాను. తలుపు తాళం వేసి, తాళంచెవి పెద్దాయన ఇంటి వరండాలో ఆయన కోడలి చేతికిచ్చి, మిరపలో రంగు పోయిన తాలుకాయలు ఏరడానికి కల్లానికి పోయాను.