నేలకు మిగిల్చిన వంపు

ఎండిన నల్లరేగడి మీద తొలి చినుకులు పడగానే లేచే వాసన అందరికీ హాయిగా ఉంటుందట. నాకు మాత్రం పైపులు గుర్తొస్తాయి, వాటి వెనకే రత్నకుమారి గారు. మొన్న సైట్లో వాన మొదలైనప్పుడూ అంతే. ఆవిడ చీరాల మనిషి, నా మొదటి బాసు. గొంతు విప్పితే పక్కన జనరేటరు కూడా వినపడేది కాదు.

అప్పుడు మేం అద్దంకి దగ్గర ఒక జిన్నింగు మిల్లులో మంటలార్పే నీళ్ళ లైను వేస్తున్నాం. పత్తి గుట్టల్లో నిప్పురవ్వ పడితే ఆ లైనే దిక్కు. ప్రహరీ వెంట నేలలో పూడ్చే పైపు అది. ఒకచోట గోడ కొద్దిగా తిరుగుతుంది. వంపు తిరిగిన బెండు ముక్క వేసేంత మలుపు కాదు. పైపుల్ని కలిపే కప్లింగు ఒక్కొక్కటీ కాస్త వంగగలదు. మేస్త్రీలు ఆ మలుపంతా ఒక్క కప్లింగు మీదే పెట్టి బిగించేశారు. నీళ్ళు నింపి ప్రెషరు పెడితే చుక్క కారలేదు. పత్తి లారీలు గేటు బయట ఆగి ఉన్నాయి, వెంటనే కందకం పూడ్చేయమన్నారు మిల్లు యజమాని.

రత్నకుమారి గారు చీర కుచ్చిళ్ళు ఎగదోపి కందకంలోకి దిగారు. "అమ్మాయ్, ఇలా రా. ఇది ఎంత వంగగలదో అంతా వంగిపోయింది చూడు. ఉన్న వంపంతా గోడ మలుపుకే ఇచ్చేశారు. రేపు వానకి ఈ రేగడి ఉబ్బుద్ది, ఎండకి నెర్రెలిస్తది. అప్పుడిది ఎటు కదులుద్ది?"

నేనూ దిగి చూశాను. యజమాని పైనుంచి వింటున్నారు. "చుక్క కారట్లేదు గదండీ! మళ్ళీ విప్పుతానంటే ఎట్టా? మీ వల్ల కాదంటే చెప్పండి, ఒంగోలు నుంచి వేరేవాళ్ళని పిలుస్తా."

ఇక ఆవిడ గొంతు లేస్తుందనుకున్నాను. లేవలేదు. "డ్రాయింగు ఈ అమ్మాయిదండీ. లైనూ తనదే. తను ఎట్టా అంటే అట్టా" అన్నారు.

నా కాళ్ళు వణికాయి. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. సరేనంటే అందరూ సంతోషిస్తారు. కాదంటే పని పోతుంది, దాంతో మా చిన్న కంపెనీ పేరూ పోతుంది.

"విప్పుదామండి" అన్నాను. "మలుపుని వరసగా కొన్ని కప్లింగులకి తలా కాస్త పంచుతాను. ప్రతిదాంట్లో కొంత వంపు నేల కదలికకి మిగులుద్ది. రేపు మళ్ళీ నీళ్ళు పెట్టి చూపిస్తాను."

ఆయన ఆవిడ వంక చూశారు. "విన్నారుగా" అన్నారావిడ. ఆయన గొణుక్కుంటూ లారీలను పక్కన పెట్టించడానికి వెళ్ళారు. మర్నాడు మళ్ళీ నీళ్ళు పెట్టి చూశాక ఆవిడ లైను పొడవునా నడిచొచ్చి, "ఎక్కడ తిరిగిందో కనపడట్లేదే!" అని నా వీపు మీద ఒక్కటి చరిచారు. ఆ దెబ్బకి ముందుకు తూలాను, నవ్వు మాత్రం ఆగలేదు.

ఆ ఎండాకాలం నేల పాదం దిగేంతగా నెర్రెలిచ్చింది. ఒక మధ్యాహ్నం పత్తి గుట్ట అంటుకుంది. యజమాని ఆవిడకు ఫోన్ చేశారు. "నాకెందుకండీ చెప్తారు, లైను వేసిన మనిషి ఇక్కడే ఉంది" అని ఆవిడ ఫోను నా చేతిలో పెట్టారు. "నీళ్ళొచ్చాయమ్మా, ఎక్కడా కారలేదు. షెడ్డు దక్కింది" అన్నారాయన. గర్వంగా ఉంది, ఏడుపూ వచ్చింది.

ఇప్పుడు నా కిందా కుర్ర ఇంజినీర్లున్నారు. వాళ్ళ పనిని ఎవరైనా నిలదీస్తే, జవాబు తెలిసినా నేను చెప్పను. వాళ్ళ వంక చూస్తాను. వాళ్ళు నోరు తెరిచేదాకా నాకు ఊపిరాడదు. ఆ రోజు కందకంలో కాళ్ళు వణికింది నా ఒక్కదానికే కాదని ఇన్నాళ్ళకు తెలిసింది.